గీత వదినది, ఎర్రనీళ్ళు మరదలివి

ఆ చుట్టుపక్కల ఏ ఇంటి తలుపు మీదైనా ఇత్తడి పేరుపలక మెరుస్తోందంటే, అది పలకలావిడ చేతిలోంచి వచ్చిందే అయ్యుంటుంది. కాదని ఎవరైనా అంటే ఆవిడ ఊరుకోదు. పలకని వేలితో ఒకసారి తడిమి, "ఇది నాదే" అనో, "ఛీ, ఇది మిషనుది" అనో అక్కడికక్కడే తేల్చేస్తుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. చిత్రమేమిటంటే, చాలాసార్లు వెళ్ళి చూస్తే ఆ కుందేలుకి నిజంగానే మూడు కాళ్ళుండేవి.

ఆవిడ ఈ విద్య ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. వయసులో ఉన్నప్పుడు రేడియోల ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు కడిగే పని చేసేది. రాగిరేకు అతికించిన అట్టల మీద, కరెంటు పోయే దారుల వరకు సిరాతో కప్పి, ఓ ఎర్రటి ద్రావకంలో ముంచుతారు. కప్పని రాగినంతా ఆ నీళ్ళు తినేస్తాయి, కప్పిన దారులు మిగులుతాయి. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున తక్కినవాళ్ళంతా బిక్కమొహాలు వేసుకుని ఇళ్ళకి పోతుంటే, ఈవిడ మాత్రం "దారులు మిగిల్చే నీళ్ళు పువ్వుల్ని మిగల్చవా ఏమిటి?" అని తనలో తను మాట్లాడుకుంటూ నడిచొచ్చింది.

ఇంట్లో ఆ మాట విన్నది వదిన. వదినంటే భర్తకి అక్క, బడిలో డ్రాయింగు టీచరు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక లేక" అనేది. నిజంగానే ఆమెకి తీరిక ఉండేది కాదు. చేతికి ఏది దొరికితే దాని మీద బొమ్మ వేసేది. పాలవాడి లెక్క గీసే గోడమీద కూడా ఆవిడ గీసిన కొంగలు బారులు తీరి ఉండేవి.

"రేకు నువ్వు తే, గీత నేను గీస్తాను" అంది వదిన.

మొదటి ప్రయోగం వంటింటి సింకులో జరిగింది. రాగిరేకు మీద పువ్వు చక్కగానే లేచింది గానీ, ఒలికిన ఎర్రనీళ్ళు సింకునీ కొళాయి మెడనీ కూడా ఇష్టంగా తిన్నాయి. అప్పటిదాకా వదినని "మీరు" అంటూ ఒదిగి ఉన్న మరదలు, చిమ్ముతున్న కొళాయిని రెండు చేతులా పట్టుకుని "వదినా, చూస్తావేం, గుడ్డ తే!" అని అరిచింది. ఆ రోజుతో "మీరు" పోయింది. మళ్ళీ రాలేదు.

భర్త బస్సు కండక్టరు. సాయంత్రం ఇంటికొచ్చి, తడిసిన నేలనీ, తన తెల్లచొక్కా మీద పడ్డ తుప్పురంగు మరకల్నీ చూసి, "ఈ కొంపలో తెల్లబట్ట బతికి బట్టకట్టదు" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ తెల్లచొక్కా కొనలేదు.

అప్పట్నుంచి పని పెరటి వరండాకి మారింది. గాలి బాగా ఆడే చోటు. ఓ మూల ప్లాస్టిక్ తొట్టి, పక్కన ఎర్రనీళ్ళ కాటు ఆపడానికి సోడా కలిపిన బకెట్టు, గోడకి మేకు, మేకుకి రబ్బరు తొడుగులు. పద్ధతంతా పలకలావిడదే. రేకుని ఇటుకపొడీ సబ్బూ వేసి తోముతుంది. తోమాక నీళ్ళు పోసి నిలబెడుతుంది. నీళ్ళు ఒక్క పొరలా జారితే రేకు శుభ్రమైనట్టు, బొట్లుబొట్లుగా విడిపోతే జిడ్డున్నట్టు. జిడ్డుంటే మళ్ళీ మొదటికి. ఇక ఆ రేకుని అంచుల్తో తప్ప పట్టుకోనివ్వదు. "వేలి జిడ్డు చాలు, ఎర్రనీళ్ళకి అదో గొడుగు. నీ వేలిముద్ర జన్మజన్మలకీ అక్కడే కూచుంటుంది" అని మొగుణ్ణి ఆమడ దూరంలో నిలబెట్టేది.

ఆపైన వదిన పని. సన్నటి కుంచెతో నల్ల వార్నిషు ముంచి రేకు మీద లతలు, చేపలు, కొంగలు గీస్తుంది. ఆరాక రేకుని బోర్లించి తొట్టిలో వేలాడదీస్తారు, కరిగిన మడ్డి గీతల్లో పేరుకోకుండా కిందికి దిగిపోవడానికి. తీసి సోడానీళ్ళలో ముంచి, కిరసనాయిలు గుడ్డతో వార్నిషు తుడిచేస్తే, గరుకు నేల మీద నున్నటి లత ఉబ్బెత్తుగా నిలబడుతుంది. ఆ తుడిచే క్షణం కోసం ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. ఏళ్ళు గడిచినా ఆ పోట్లాట తీరలేదు.

అలాంటి పనిలో ఓ ఏడాది చీడ పట్టింది.

రాగి పళ్ళెంలో లత ఒకచోట తెగింది. తర్వాత పేరుపలకలో కొంగకి కాలు లేదు. ఇంకోదాంట్లో చేపకి కన్ను లేదు. పలకలావిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తప్పు ఎర్రనీళ్ళదే. వదిన గీత తప్పడమేమిటి, సూర్యుడు సెలవు పెట్టడమేమిటి! మంచి తొట్టెడు నీళ్ళని సోడా పోసి విరిచేసి పక్కన పెట్టేసింది. సరాసరి రసాయనాలమ్మే కొట్టుకి పోయి, "ఏం కలిపి అమ్ముతున్నారయ్యా? మా కొంగ కాలు తినేసింది మీ సరుకు" అని నలుగురిలో దులిపేసింది. కొట్టాయన నోరు తెరిచాడు గానీ మాట బయటికి రాలేదు. ఆవిడ నోటి ముందు ఎవరిదొస్తుంది?

కొత్త సరుకు తెచ్చినా కొంగలు కుంటుతూనే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చిన పలకలావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. వదిన రేకుని ముందు పెట్టుకుని, కోడి గింజని చూసినట్టు తల పక్కకి తిప్పి, ఓరకంట చూస్తోంది. కుంచె దించింది. అప్పటికే గీసిన గీత మీదే మళ్ళీ గీసింది. దాని పక్కన గీయాల్సింది ఖాళీగా ఉండిపోయింది.

"వదినా" అంది మరదలు మెల్లగా. "నీ కళ్ళకేమైంది?"

కుంచె ఆగింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఇన్నాళ్ళూ దాచుకున్న మాట, అడిగేసరికి జారిపోయింది. "ఎదురుగా చూసింది మాయమైపోతోందే. పక్కలు బాగానే కనిపిస్తాయి. నీకేసి చూస్తే చెవులు కనిపిస్తాయి, మధ్యలో మొహం ఉండదు."

"మొహం కనపడకపోతే నీకే లాభంలే" అని నవ్వబోయి, నవ్వు రాక, పలకలావిడ గ్లాసు కింద పెట్టి ఆమె ఎదురుగా కూచుంది. "డాక్టరేమన్నాడు?"

"మొత్తం పోదన్నాడు. నడవొచ్చు, తిరగొచ్చు. సన్నపని మాత్రం మానెయ్యమన్నాడు."

"మరి నాతో చెప్పవేం? ఆ కొట్టాయన్ని నోటికొచ్చినట్టు తిట్టొచ్చానే!"

"నువ్వు తిడుతుంటే నాకెంత సంతోషమేసిందో తెలుసా? తప్పు ఎర్రనీళ్ళదేనని నమ్మేవాళ్ళు ఒకరున్నారు కదా అని."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పలకలావిడ ఇన్నాళ్ళూ తొట్టిని తిట్టింది. ఆ మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళింది. క్షమాపణ చెప్పడం ఆవిడకి అలవాటు లేదు కాబట్టి, "మీ సరుకు బాగానే ఉంది. ఇలాగే ఉంచండి" అని, ఏదో బహుమతిచ్చినదానిలా తలెత్తుకుని తిరిగొచ్చింది. కొట్టాయన మళ్ళీ నోరు తెరిచాడు. మళ్ళీ మాట రాలేదు.

వదిన కుంచెలు కడిగి, గుడ్డలో చుట్టి, బీరువా పైన పెట్టేసింది. ఓ నెల తిరిగేసరికి లైబ్రరీ ఆవిడ వచ్చింది.

కొత్తగా కట్టిన లైబ్రరీకి రెండు రెక్కల పెద్ద తలుపు. జనం చెయ్యి వేసి తోసే చోట, రెక్కకొకటి చొప్పున రెండు ఇత్తడి పలకలు కావాలి. లైబ్రేరియన్ ఎవరింట్లోనో కొంగల పళ్ళెం చూసి అడ్రసు కనుక్కుంటూ వచ్చింది. "రెల్లుగడ్డి గాలికి ఊగుతున్నట్టు వెయ్యండి. లోపలికి ఫ్యాన్లు ఇంకా రాలేదు, కనీసం తలుపు మీదైనా గాలి ఆడనివ్వండి" అంది నవ్వుతూ.

వదిన నవ్వలేదు. "కంప్యూటర్లో బొమ్మ వేయించి, స్టిక్కరు కోయించి తెచ్చుకోండి. అంటిస్తే మా మరదలు ముంచి ఇస్తుంది. చూడ్డానికి తేడా తెలీదు" అంది.

"అలాగైనా పరవాలేదు" అంది లైబ్రేరియన్.

అంత తేలిగ్గా అనేసరికి పలకలావిడకి ఒళ్ళు మండింది. ఈ పలకలు స్టిక్కరుతో వెళ్ళిపోయాయంటే వదిన ఇక జన్మలో గీత గీయదు. ఆ సంగతి ఎవరూ నోరు తెరిచి అనలేదు గానీ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఈ నెలరోజుల్లో వదిన గోడ మీద కొంగని కూడా గీయలేదు.

"స్టిక్కరూ లేదు గిక్కరూ లేదు. వదినే గీస్తుంది. శుక్రవారం వచ్చి ఒక పలక చూసుకోండి."

"సరే. నచ్చకపోతే మాత్రం స్టిక్కరేనండీ మరి" అని చెప్పి లైబ్రేరియన్ వెళ్ళిపోయింది.

వదిన కోపంతో ఊగిపోయింది. "నోరుంది కదా అని ఒప్పేసుకున్నావు. ఇప్పుడు ఆ నోటితోనే గీస్తావా?"

"దారి నేను చూస్తాగా!" అంది పలకలావిడ. ఏ దారో అప్పటికి ఆవిడకీ తెలీదు. తెలీకపోవడం ఆవిడ ధైర్యానికి ఎప్పుడూ అడ్డం రాలేదు.

దారి మర్నాడే దొరికింది, అదీ వదిన దగ్గరే. పాత పళ్ళెం ఒకటి కడిగి ఇస్తే, వదిన తుడుస్తూ వేలితో తడిమి, "ఇక్కడ వార్నిషు పూర్తిగా వదల్లేదు" అంది. పలకలావిడ కళ్ళజోడు పెట్టుకుని వెలుగులో తిప్పితిప్పి చూసింది. ఏమీ లేదు. గోటితో గీకితే, నిజమే, ఉల్లిపొర అంత పొర లేచొచ్చింది.

"వదినా!" అని అరిచిందావిడ. "నీకు కళ్ళెందుకే అసలు?"

ఆలోచన ఇది. ఇన్నేళ్ళూ మిగలాల్సిందాన్ని వార్నిషుతో కప్పారు. ఇప్పుడు రేకు మొత్తం మైనంతో కప్పేసి, వదిన సూదితో మైనాన్ని గీరుతుంది. గీరిన చోట ఇత్తడి బయటపడుతుంది, ఎర్రనీళ్ళు అక్కడే తింటాయి. కుంచె గీసిన గీత వేలికి అందదు, తడిగా ఉంటుంది. సూది గీరిన గాడి అందుతుంది. కుడిచెయ్యి గీరుతుంటే ఎడమ వేలు వెనకే నడుస్తుంది.

"అప్పుడు గీత ఉబ్బదు, దిగిపోతుంది. అంతా తలకిందులు" అంది వదిన.

"దిగితేనే మంచిది. ఊరంతా చెయ్యేసి తోసే తలుపు. ఉబ్బెత్తు గీతైతే నాలుగేళ్ళలో అరిగి చక్కా పోతుంది."

ముందు ముక్క రేకుల మీద మొదలుపెట్టారు. మొదటిది నాశనం. వేలి వేడికి మైనం మెత్తబడి గాడి పూడిపోయింది. "చూశావా, నా వల్ల కాదు" అని వదిన లేవబోయింది. పలకలావిడ ఆమె భుజం మీద చెయ్యేసి కూచోబెట్టి, మైనంలో వార్నిషు కలిపి కాచి, పూతపూసి, రేకుని తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. డ్యూటీ దిగి వచ్చి మంచినీళ్ళకని ఫ్రిజ్ తెరిచిన కండక్టరు, పాలప్యాకెట్ల మధ్య నల్లటి రేకుని చూసి, "ఇది ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగుతుంది?" అని అడిగాడు. ఎవరూ జవాబివ్వకపోతే నీళ్ళు తాగకుండానే తలుపేశాడు.

చల్లబడి బిగిసిన మైనం మాట విన్నది. సూది మైనంలో ఉన్నంతసేపూ చప్పుడుండదు, లోహం తగలగానే కీచుమంటుంది. వేలికి గాడి, చెవికి కీచు. వదిన కళ్ళు మూసేసుకుంది, తెరిస్తే అడ్డమొస్తున్నాయని. నాలుగో ముక్క మీద కొంగ రెండు కాళ్ళతో నిలబడింది.

అప్పుడు వదిన ఒక షరతు పెట్టింది. "అసలు పలక మీద నేను గీశాక నువ్వు చెయ్యి పెట్టకూడదు. దిద్దావంటే అది నీది, నాది కాదు."

"పెట్టను. ఒట్టు" అంది మరదలు.

గురువారం పొద్దున్న ఫ్రిజ్‌లోంచి ఇత్తడి పలక బయటికొచ్చింది. పక్కన నిలబడి ఊపిరి పీలుస్తుంటే చెయ్యి సాగదని మరదల్ని వదిన తరిమేసింది. వంటింట్లో గిన్నెల మోత తప్ప పలకలావిడ ఇంకేం చెయ్యలేకపోయింది. తోమిన గిన్నెల్నే మళ్ళీ తోమింది. చివరికి "అయింది, ముంచుకో" అని పిలుపొచ్చింది. వదిన మెడ నొప్పెట్టి, వెళ్ళి గదిలో పడుకుంది.

పలకలావిడ పలకని వెలుగులోకి తీసుకొచ్చింది. అబ్బ! రెల్లంతా ఒకేవైపు వాలి ఉంది. ఒక్కో గీతా వేరు నుంచి కొస దాకా ఎక్కడా తెగలేదు, వణకలేదు. ఇంత పొడవాటి గీతలు వదిన కుంచెతో ఎప్పుడూ గీయలేదు. అప్పుడు కనిపించింది.

మధ్యకి కాస్త ఎడంగా ఒక గీత, తక్కినవన్నీ కుడికి వాలుతుంటే, నిటారుగా, కొద్దిగా ఎడమకే వంగి, రెండు గీతల్ని అడ్డంగా కోసుకుంటూ పైకి పోయింది.

సూది జారింది. జారినట్టు వదినకి తెలీదు. చెప్తే ఇప్పుడే సూది పడేసి మళ్ళీ ముట్టదు. చెప్పకపోతే రేపు లైబ్రరీ ఆవిడ చూసి పెదవి విరుస్తుంది, అప్పుడూ ముట్టదు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఒక్క గీతే కదా, ఒక్క చుక్క వార్నిషు పామితే పూడిపోతుంది, ఎవరికి తెలుస్తుంది? పలకలావిడ బీరువా మీద నుంచి కుంచె దించింది. ఒట్టు తీసి గట్టున పెట్టింది. గీతని జాగ్రత్తగా కప్పేసింది.

పలక తొట్టిలో మునిగింది.

శుక్రవారం లైబ్రేరియన్ వచ్చేసరికి పలక తళతళలాడుతూ బల్ల మీద ఉంది. దిగిన గీతల్లో నల్లరంగు నింపి తుడిచారు. ఆవిడ వంగి చూసి, "చాలా బాగుందండీ! ఇక స్టిక్కరు మాటే లేదు" అంది. కండక్టరు సెలవు పెట్టి మరీ నిలబడ్డాడు. "అక్కా, అదిరింది" అన్నాడు. పలకలావిడ గుండెల మీంచి బరువు దిగింది. తను చేసింది మంచిపనేనని అనుకుంది. ఆవిడ ఎప్పుడూ అలాగే అనుకుంటుంది.

"ఏదీ, ఇటివ్వండి" అని వదిన పలకని ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని, చూపుడువేలితో ఒక్కో రెల్లునీ కింది నుంచి పైదాకా తడుముతూ పోయింది. మధ్యకి వచ్చింది. వేలు ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఆగింది.

"ఇక్కడ ఒక గీత ఉండాలి."

"నిన్నే అడుగుతున్నా. ఇక్కడ నేనొక గీత గీశాను. ఎదురు నిలబడ్డ రెల్లు. ఏదది?"

పలకలావిడ తల దించుకుంది. "అది... సూది జారిందనుకున్నా వదినా. కప్పేశాను."

"జారిందా?" వదిన గొంతు లేచింది. "అన్నీ ఒకే వైపు వాలితే అది గాలెందుకవుతుంది? పుట్టుకతోనే వంకరనుకుంటారు. ఒక్కటి నిటారుగా ఉంటేనే కదా తక్కినవి వంగాయని తెలిసేది! గడ్డి మీద గాలి గియ్యమంటే, నువ్వు గాలిని తీసేసి గడ్డి మిగిల్చావు."

"చాలా బాగుందండీ, ఇలాగే ఉంచేద్దాం" అని లైబ్రేరియన్ సర్దబోయింది.

"బాగుంటే తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకోండి. లైబ్రరీ తలుపుకి మాత్రం నేను గీసిందే ఉంటుంది." వదిన మరదలి వైపు తిరిగింది. ఓరకంట కాదు, తిన్నగా, మొహం కనపడని చోటికే చూసింది. "గీత లేనప్పుడేమో ఎర్రనీళ్ళ తప్పన్నావు. గీత ఉంటే కంటి తప్పన్నావు. నా కళ్ళు పోయాయని నేను ఏడ్చాను సరే, నువ్వెందుకే నమ్మావు?"

పలకలావిడ ఏడ్చేసింది. తిట్టుకి కాదు. ఆ గొంతులో పాత వదిన ఉంది. బడిలో పిల్లల్ని గడగడలాడించి, గోడల నిండా కొంగల్ని నింపిన వదిన. తిట్లు తిని ఇంత సంతోషపడ్డ మనిషి ఆ ఇంట్లో ఇంతకుముందు లేదు.

"కిరసనాయిలు గుడ్డతో ఆ రంగంతా తుడిచెయ్. మళ్ళీ మైనం పట్టించు. ఆ ఒక్క గీతా గీరి ఇస్తాను, ఆ ఒక్కటే తినిపించు" అంది వదిన. "అమ్మా, మీకు తొందరుంటే వెళ్ళి రండి."

"నేను ఉంటానండీ" అంది లైబ్రేరియన్, కుర్చీ లాక్కుంటూ.

ఫ్రిజ్‌లో పలక బిగుసుకునే వేళకి కండక్టరే అందరికీ కాఫీ పెట్టాడు. వదిన వేలితో గాడులు లెక్క చూసుకుని, చోటు వెతుక్కుని, ఊపిరి బిగబట్టి ఒకే ఒక్క గీత గీసింది. కీచుమని కింది నుంచి పైదాకా ఒక్కటే చప్పుడు. పలకలావిడ ఈసారి చూసింది గానీ, చేతులు రెండూ వెనక కట్టుకుంది. తొట్టి, సోడా, గుడ్డ అన్నీ అయ్యాక రంగు నింపి తుడిచి బల్ల మీద పెట్టారు.

లైబ్రేరియన్ పలక మీదికి వంగి చూసింది. తర్వాత పైటకొంగు భుజాల చుట్టూ లాక్కుంది, తనకి తెలీకుండానే.

"ఏం, బాగాలేదా?" అంది వదిన. ఆవిడ మొహం ఈమెకి కనపడదు కదా.

"గాలేస్తోంది వదినా" అంది మరదలు.

వదిన తల పంకించి, సూదిని చీరకొంగుకి తుడుచుకుంది. "సరే, ఏడుపు ఆపి రెండో పలక తే. మైనం సమంగా పట్టించు, ఎక్కడా వదిలెయ్యకు. నీకు కళ్ళున్నాయి, వాటిని నేనెలాగూ నమ్మాలి."